బోసి నుదురు

ఆదివారం వస్తే నాకు ఇంట్లో కాలు నిలవదు. బరంపురంలో మా వీధి చివర చిన్న ప్రార్థన మందిరం ఉంది. పొద్దున్నే మైకులో తెలుగు పాట మొదలవుతుంది. అది చెవిన పడగానే వెళ్ళాలనిపిస్తుంది. చెప్పులు వేసుకుంటాను, గేటు దాకా వెళ్తాను, ఏదో పని గుర్తొచ్చినట్టు వెనక్కి వచ్చేస్తాను. పని ఏమీ ఉండదు. ఒకటి రెండుసార్లు లోపలికి కూడా వెళ్ళి కూర్చున్నాను. పాటకి కళ్ళనీళ్ళొచ్చాయి. ప్రసంగం మొదలై, మనమంతా పాపులమని ఆ పెద్దమనిషి చెప్పేసరికి ఒళ్ళు మండి లేచి వచ్చేశాను. నా సంగతి ఆయనకేం తెలుసు? ఇంటికొచ్చి కుట్టుమిషను ముందు కూర్చుంటే ఒక్క జాకెట్టూ సాగదు. ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణీ యాత్ర వస్తే అక్కడికీ వెళ్తాను, దండం పెడతాను, అక్కడా మనసు కుదురుగా ఉండదు.

"ఎల్తే ఎల్లు, మానితే మాను. ఈ తిరుగుడేటే?" అంటాడు మా ఆయన. నాకే తెలిస్తే తిరుగుతానా?

ఇదంతా నన్ను పెంచిన ఇద్దరు ఆడవాళ్ళ వల్ల వచ్చింది. ఒకరు మా అమ్మ, ఒకరు అమ్మ సొంత చెల్లెలు, మా పిన్ని. ఒకే కడుపున పుట్టి, ఒకే పొయ్యి మీద వండుకుని, ఒకే పాస్టరుగారి మాటలు విన్నారు. పిన్ని ఏసుని నమ్ముకుంది. అమ్మ వద్దంది. ఎందుకలా జరిగిందో తేల్చుకోలేక నేను ఇన్నేళ్ళూ వాళ్ళిద్దరి మధ్య తిరుగుతున్నాను.

మాది రామయ్యపట్నం. నాన్న వేటకెళ్ళేవాడు. పిన్ని పెళ్ళైన కొత్తలోనే ఆమె భర్త తెప్ప అలల్లో తిరగబడి ఆయన పోయాడు. పిన్ని మా ఇంటికి వచ్చేసింది. అమ్మ చేపలమ్మడానికి వెళ్తే నాకు తల దువ్వింది, అన్నం పెట్టింది, జ్వరమొస్తే ఒళ్ళో పడుకోబెట్టుకుంది పిన్నే. నేను అమ్మకి పుట్టాను గాని పిన్ని చంకలో పెరిగాను.

తెల్లవారుజామున నాన్న వల భుజాన వేసుకునే ముందు మా ఇంట్లో రెండు పనులు జరిగేవి. అమ్మ స్నానం చేసి, రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్టు పెట్టుకుని గుమ్మంలో నిలబడేది. నాన్న ఆ మొహం చూసి బయల్దేరేవాడు. పిన్ని వెనక గదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేది. నీటి మీదికెళ్ళే మనిషికి భర్త పోయిన ఆడది ఎదురు రాకూడదు. ఆమెకి ఎవరూ చెప్పలేదు. నాన్న అసలే చెప్పలేదు, ఆయనకి నోట్లో మాటే ఉండేది కాదు. నాన్న అడుగుల చప్పుడు ఇసకలో కలిసిపోయాక పిన్ని తలుపు తీసుకుని వచ్చి, ఏమీ జరగనట్టు పొయ్యి అంటించేది. ఆయన తిరిగొచ్చేదాకా అమ్మ బొట్టు చెరగకూడదు. చెమట పోస్తున్నా నుదురు తుడుచుకునేది కాదు. బొట్టు చుట్టూ చెంగుతో మెల్లగా అద్దుకునేది. చిన్నప్పుడు నాకు ఇందులో తప్పేమీ కనిపించలేదు. అమ్మ నిలబడుతుంది, పిన్ని దాక్కుంటుంది, నాన్న క్షేమంగా వస్తాడు, అంతే.

నేను పెద్దమనిషినయ్యాక పిన్ని ఎండుచేపల బుట్ట పట్టుకుని గోపాలపూర్ దాకా బస్సులో వెళ్ళి అమ్మేది. అక్కడ ఒక ఇంట్లో ఆడవాళ్ళు చాపల మీద కూర్చుని ప్రార్థన చేసుకుంటున్నారట. బుట్ట దింపి కాసేపు కూర్చోమన్నారట. ఆ మరుసటి వారం మళ్ళీ వెళ్ళింది. ఆపైన ఎండుచేపలు లేకపోయినా వెళ్ళింది. నాకు కోపమొచ్చింది. మా గంగమ్మకి ఏం తక్కువైందని?

"ఏటి, నీకు దేవుడు కనిపించినాడా?" అని వెటకారంగా అడిగాను.

"నేదే," అంది పిన్ని. "అక్కడ ఎవులి నుదుటి మీదా బొట్టు నేదు. నా పక్కనున్న ఆవిడికి మొగుడున్నాడో నేడో నాకు తెల్దు. నా సంగతి ఆవిడికీ తెల్దు. ఎన్నాళ్ళయిందే, నాను అలగ నలుగురిలో కూకుని."

"ఓలమ్మా! దీనికోసమా దేవుణ్ణే మార్చీసినావు?"

"మొదట అందుకే కూకున్నాను. తరవాత అందుకు కాదు."

"మరెందుకు?"

పిన్ని చేపల పొలుసు అంటిన చేతుల్ని చూసుకుంది. "నాను ఎదురొస్తే ఎవుడికీ మంచి జరగదనుకున్నాను కదే ఇన్నాళ్ళూ. ఆయన నాకోసం ఎదురొచ్చినాడు. నాకోసం పేనం పెట్టినాడు. నువ్వు నవ్వితే నవ్వు."

నేను నవ్వలేదు. నవ్వు రాలేదు. నాకు లేనిదేదో పిన్నికి దొరికిందని తెలిసి ఈర్ష్య పుట్టింది. నన్ను పెంచిన మనిషి నేను రాలేని చోటికి వెళ్ళిపోతోందని భయం కూడా వేసింది.

కొన్నాళ్ళకి పాస్టరుగారు మా ఇంటికే వచ్చారు. మెత్తటి మనిషి. అరుగు మీద కూర్చుని రక్షణ గురించి చెప్పారు. చెడ్డవాడికైనా, పనికిరానివాడికైనా దేవుడు తలుపు తీసే ఉంచుతాడని చెప్పారు. అమ్మ పని ఆపి మొత్తం వింది. మధ్యలో రెండుసార్లు తలూపింది కూడా. నచ్చిందని నాకు తెలుస్తూనే ఉంది. పిన్ని మొహం వెలిగిపోతోంది. చివర్న అమ్మ ఒకే మాట అడిగింది.

"బొట్టు తీసీవాలా?"

పాస్టరుగారు తడబడ్డారు. దేవుడు హృదయం చూస్తాడమ్మా అన్నారు. మనవాళ్ళు పెట్టుకోరు గాని నిదానంగా మీకే అర్థమవుతుందన్నారు. అమ్మ లేచి నిలబడింది.

"మా ఇంటాయన నీటి మీదున్నాడు బాబూ," అంది. ఆయనకి మంచినీళ్ళిచ్చి, దండం పెట్టి, లోపలికి వెళ్ళిపోయింది.

అయిపోయింది. ఒకామెని రప్పించిన బోసి నుదురే రెండో ఆమెని వెనక్కి నెట్టింది. జనం మతం మార్చుకున్నవాళ్ళని బియ్యానికి మారారంటారు, డబ్బుకి మారారంటారు. మారనివాళ్ళని మారినవాళ్ళు మూర్ఖులంటారు. ఆ మాటలు వింటే నాకు తిక్క రేగుతుంది. మా ఇంటికి వచ్చి చూడండి, అంటాను. ఇక్కడ ఎవరూ మూర్ఖులూ కారు, ఎవరూ అమ్ముడుపోనూ లేదు.

పిన్ని తన భర్తని మింగిన నీళ్ళలోనే మునిగి బాప్తిస్మం తీసుకుంది. మర్నాడే మూట కట్టుకుని ఊరి చివర ఒక పాక అద్దెకి తీసుకుంది. అమ్మ గోల పెట్టింది. "నాను గెంటీసినానని ఊరంతా అనుకోదా?" అంది.

"ఇంక నాను ఆ గదిలో దాగోనప్పా. అలగని బావకి ఎదురొస్తే నువ్వు రోజంతా గుండె ఒట్టుకుని కూకుంటావు. అది నాను సూడనేను," అంది పిన్ని. అక్కని అప్ప అనే పిలిచేది. ఆ తరవాత ఇద్దరూ కూరలు మార్చుకున్నారు, జ్వరాలకి కాపలా కాసుకున్నారు. దేవుడి మాట మాత్రం ఎత్తుకోలేదు.

నాన్నని సముద్రం ఏమీ చెయ్యలేదు. చక్కెర జబ్బు ముదిరి బరంపురం ఆస్పత్రిలో మంచం మీద పోయాడు. అన్నేళ్ళు చెమట తుడుచుకోకుండా కాపాడిన బొట్టు ఏమైనట్టు? ఆ మాట నేను అమ్మని అడగలేదు. అడిగితే బతకనిచ్చేది కాదు, తనూ బతికేది కాదు. కొన్ని నెలలు పోయాక పిన్ని నోరు విప్పింది. "అప్పా, ఇప్పుడైనా ఒక్కసారి రా. కూకుని ఎల్లిపో," అంది.

అమ్మ తల అడ్డంగా ఊపింది. "బొట్టున్నన్నాళ్ళూ రానిదాన్ని. ఇప్పుడొస్తే మీ దేవుడేటనుకుంటాడు? పోయింది గనక వొచ్చిందనుకోడా? నాకు సిగ్గు నేదేటి?"

దేవుడి దగ్గర కూడా పరువు చూసుకునే మనిషి మా అమ్మ. ఏం చెయ్యను?

పోయిన ఏడాది మా అమ్మాయి కడుపుతో ఉంది. సీమంతం మా ఇంట్లోనే చేశాం. పక్కింటి ఒడియా ఆవిడ సాధ అంటుంది దాన్ని. ముత్తైదువలు గాజులు తొడిగి, కుంకుమ పెట్టి దీవించాలి. మొదటి బొట్టు పిన్ని చేతే పెట్టించాలని నేను పట్టుపట్టాను. చిన్నప్పుడు నాకు తల దువ్విన మనిషి నా పెళ్ళిలో వంటింట్లో గిన్నెల వెనక నిలబడింది. ఆ కక్ష నాలో అలాగే ఉంది. మా ఆయన వద్దన్నాడు. ఆడపడుచు మూతి విరిచింది. నేను ఊరుకుంటానా? అందరితోనూ తగువు పెట్టుకున్నాను. విచిత్రంగా మా వియ్యపురాలే ఒప్పుకుంది.

"ఆవిడ కిరస్తానీ కదా వదినా, ఆళ్ళకి ఇవేవీ ఉండవట. పెట్టనీ," అంది. అంటే, ఏసుని నమ్ముకున్నందుకు పిన్ని విధవరికం మాఫీ అయిపోయిందన్నమాట. అమ్మకి మాత్రం కాలేదు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పోనీలే, గెలిచాను కదా అనుకున్నాను.

ఆ రోజు ఇద్దరూ ఒకే బస్సులో వచ్చారు. పిన్ని తెల్లచీర కట్టుకుని హాల్లో కూర్చుంది. అమ్మ మనవరాలి మొహం ఒక్కసారి చూసి, నేను గమనించేలోగా బియ్యం బస్తాలున్న లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఎవరూ చెప్పలేదు. ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ పని ఎలా చెయ్యాలో అమ్మ అన్నేళ్ళు గుమ్మంలో నిలబడి చూసింది కదా.

నేను కుంకుమ భరిణ పిన్ని ముందు పెట్టాను. అందరూ చూస్తున్నారు. పిన్ని పిల్ల గడ్డం పట్టుకుని, మొహమంతా కళ్ళతో తడిమింది. తరవాత చేతులు ఒళ్ళో పెట్టేసుకుంది.

"నాను పెట్టకూడదే."

"ఏటీ?"

"గాజులు తొడుగుతాను. నెత్తి మీద సెయ్యెట్టి ప్రార్థన సేస్తాను. కుంకం మాత్రం ముట్టను. కోప్పడకు."

వియ్యపురాలి మొహం బిగుసుకుంది. ప్రార్థనా, తన మనవడు కడుపులో ఉండగానా? నేను పిన్ని వైపు తిరిగాను. "నీకోసం ఎంతమందితో కొట్లాడినానో తెలుసా? బతుకంతా నిన్ను ముట్టనివ్వనేదు, ఇప్పుడు ముట్టమంటే నువ్వు వొద్దంటావేటి?" అని అందరి ముందూ అరిచేశాను.

"తెలుసే. నువ్వు అడిగినావు, నాకు అదే సాలు," అంది పిన్ని. కళ్ళు నిండాయి గాని మాట వణకలేదు. తరవాత చుట్టూ చూసి, "మా అప్పేదే?" అంది.

పిన్నికి మూసి ఉన్న తలుపు కనిపించింది. లేచి, చీర సర్దుకుని, ఆ తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. హాల్లో వియ్యపురాలు భరిణ అందుకుని పని నడిపించేసింది. నేను పిన్ని వెనకాలే పరుగెత్తాను. బస్తాల పక్కన అమ్మ గోడకి చేరబడి ఉంది. పిన్ని ఆమెని ఆనుకుని నేల మీద కూర్చుంది.

"నీకు ఈ గదితో పనేటి పిన్నీ? నువ్వు ఎప్పుడో బైటికొచ్చీసినావు కదా!"

"దాగోడానికి రానేదే. మా అప్ప ఒక్కర్తీ ఉంది."

మందిరంలో విన్న ప్రసంగం కూడా నన్ను ఆ మాటంత దెబ్బ కొట్టలేదు. అలాగని నమ్మకం వచ్చేసిందా అంటే అదీ లేదు. గుమ్మంలో నిలబడ్డాను. వెనక గాజుల చప్పుడు, ఎవరో పాడుతున్న మంగళహారతి. ఎటు వెళ్ళాలో తెలియలేదు.

"నువ్వెల్లు. పిల్ల దగ్గర కూకో," అంది అమ్మ.

"ఎల్లను. ఇక్కడినుంచే ప్రార్థన సేస్తాను పిల్లకోసం. సెయ్యనా అప్పా?"

అమ్మ తలుపు కేసి చూసింది. "మెల్లిగా సెయ్యి, బైటికి వినబడతాది. పిల్లకోసమే సెయ్యి. నాకోసం వొద్దు."

పిన్ని కళ్ళు మూసుకుంది. పిల్ల పేరు చెప్పింది, కడుపులో ఉన్నదాని కోసం అడిగింది, కాన్పు సుళువుగా కావాలని అడిగింది. నా పేరు చెప్పింది. మా ఆయన పేరు చెప్పింది, వియ్యపురాలి పేరు కూడా చెప్పింది. ఆమెన్ అని లేచి, వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు తోమడం మొదలుపెట్టింది.

సాయంత్రం ఇద్దరినీ బస్సెక్కించడానికి వెళ్ళాను. పిన్ని ముందెక్కి సీట్లో కూర్చుంది. అమ్మ మెట్టు మీద కాలు పెట్టి ఆగి, నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగింది.

"విన్నావా? అందరి పేరూ సెప్పింది. నా పేరు సెప్పనేదే అది."

"నువ్వే వొద్దన్నావు కదే అమ్మా!"

"అన్నాను. అంటే?" అని విసురుగా నా చెయ్యి వదిలేసి, ఎక్కి చెల్లెలి పక్కన కూర్చుంది.