మరియమ్మ పిన్ని పిడికెడు బియ్యం

రాజోలు దగ్గర మా ఊరి మెథడిస్టు చర్చిలో పాత ఆచారం ఒకటుంది. అన్నం వండే ప్రతిసారీ ఎసట్లో పోసే బియ్యంలోంచి ఆడవాళ్ళం ఒక పిడికెడు తీసి పక్కన పెడతాం. వారమంతా పోగైన ఆ బియ్యం ఆదివారం తెచ్చి, చర్చిలో గంపలో పోస్తాం. అవి పాస్టరుగారి కుటుంబానికి.

ఇవాళ మా మరియమ్మ పిన్ని గంప దగ్గరికి వెళ్ళగానే సంఘపెద్ద చెయ్యి అడ్డం పెట్టారు.

“రేషన్ బియ్యం పొయ్యకండమ్మా. పాస్టరుగారింట్లో ఎవరూ తినట్లేదండి. సన్నబియ్యం తెండి.”

“మేం తినేవాట్లోంచే కదండీ తీసేది. మా ఇంట్లో సన్నబియ్యం ఎక్కడివండీ?” అంది పిన్ని, తలెత్తకుండానే.

లాక్‌డౌన్ రోజుల్లో ఊరంతా ఈ బియ్యమే తిన్నాం. అప్పుడు ఎవరికీ ముద్ద గొంతు దిగకపోలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నా సంచిలో ఉన్నవి సన్నబియ్యమే. పిన్ని చేతిలో సంచి కూడా తీసుకుని, రెండూ ఆ గంపలో కుమ్మరించి, అడుగుదాకా చెయ్యి పెట్టి కలిపేశాను.

నేను చేసింది తప్పయితే చెప్పండి, వింటాను. ఈలోగా ఆ పెద్దాయన్ని కూర్చుని ఏరుకోమనండి.