గాజు మీద పొడి అక్షరాలు

మొన్న పొద్దున ఫోను తెరిచేసరికి, అమెరికాలో ఎవరో లాయరు రాసిన ఉత్తరం ఒకటి నా సంతకం కోసం కాచుకుని ఉంది. నేను చెబుతున్నట్టే, నేనెన్నడూ అనని మాటలతో నింపేశాడు మహానుభావుడు. తెనాలిలో నా దగ్గర జూనియర్ డాక్టరుగా పనిచేసి, ఇప్పుడు అక్కడ క్యాన్సరును ముందుగా పసిగట్టే పరీక్షల మీద పరిశోధన చేస్తున్న రేపల్లె అమ్మాయి ఆ దేశంలో ఉండడానికి పెట్టుకునే దరఖాస్తుకు జతచేసేది అది. బతుకంతా మైక్రోస్కోపులో కన్నుపెట్టి గడిపిన పాథాలజీ డాక్టరుని నేను, ఆ ఉత్తరంలో ఒక్క వాక్యం చదివి ఒళ్ళు మండిపోయింది.

దరఖాస్తు సంగతి ఆ పిల్ల అంతకుముందే ఫోనులో చెప్పింది. పనిచేసే ఆసుపత్రి తరఫున దరఖాస్తు పెడితే పుట్టిన దేశాన్ని బట్టి వరసట, మనవాళ్ళ వరస ఎప్పటికి కదులుతుందో చెప్పే నాథుడు లేడు. అక్కడే డాక్టర్లు దొరకని ఏదైనా ఊళ్ళో కొన్నేళ్ళు రోగుల్ని చూస్తే కొంత వెసులుబాటు ఉందిగానీ, అప్పుడు పరిశోధన అటకెక్కుతుంది. ఇక మిగిలింది, తన పని అసాధారణమైనదని తానే రుజువులు పోగేసి ఒప్పించడం. వీసా గడువులోగా ఒప్పించలేకపోతే, సగంలో ఉన్న పరిశోధనను అక్కడే వదిలేసి పెట్టె సర్దుకోవాలి. ఏ దేశంలో పుట్టావని అడిగి వస్తుందా క్యాన్సరు? వైద్యం చేసేవాళ్ళనే ఎందుకు అడుగుతారు?

ఆ పిల్ల పనికి మొదటి రుజువు మాత్రం మా తెనాలి ల్యాబులోనే ఉంది. అప్పట్లో నగరం మండలం, కాకుమాను వైపు పల్లెల్లో క్యాంపులు పెట్టి, గర్భాశయ క్యాన్సరు ఉందేమో చూడడానికి ఆడవాళ్ళ నుంచి నమూనాలు తీసి గాజు స్లైడ్ల మీద పూసి తెచ్చేవాళ్ళం. ఆ ఎండల్లో బస్సు తెనాలి చేరేలోపు సగం స్లైడ్లు ఎండిపోయి చూడడానికి పనికిరాకుండా పోయేవి, నాట్లు మానుకుని వచ్చిన ఆడవాళ్ళను మళ్ళీ రమ్మనాలంటే మాకు సిగ్గేసేది. ఆ పిల్ల ఒకనాడు వాళ్ళింటి పచ్చడి సీసా కడిగి తెచ్చి, అందులో స్పిరిట్ పోసి, ఒకదానికొకటి అంటుకోకుండా ఒక్కో స్లైడుకు ఒక జెమ్ క్లిప్పు తగిలించి, పూసిన వెంటనే అందులో ముంచింది. ఆ తరవాత మా స్లైడ్లు పాడవడం దాదాపు ఆగిపోయింది. ఏ ఊళ్ళో ఎన్ని నిలిచాయో, వాటిలో ఏం కనిపించిందో లెక్క రాసిందీ తనే.

మా ల్యాబులో ఒక ఆచారం ఉండేది. సిరా స్పిరిట్‌లో కరిగిపోతుంది గనక, స్లైడు చేసినవాళ్ళు వజ్రపు మొన పెన్సిలుతో గాజు అంచున ఊరు, నంబరు, తమ పేరులోని పొడి అక్షరాలు గీయాలి. తప్పు జరిగితే ఎవరిని నిలదీయాలో తెలియడానికి పెట్టుకున్న ఆచారం అది. మెచ్చుకోవడానికి ఆ అక్షరాలను ఎవరూ చూసేవాళ్ళు కాదు.

నేను కొత్తగా బాపట్లలో ఒక పెద్ద డాక్టరు గారి దగ్గర చేరినప్పుడు, నేను స్లైడ్లు చూసి రాసిన వ్యాసం ఆయన ఒక్కరి పేరుతో అచ్చయింది. అడిగితే నవ్వుతూ, "చిన్నపిల్లవి, పేరుకేం తొందరమ్మా" అన్నారు. తిట్టినా బాగుండేది. మా తరంలో ఈ మాట పడనివాళ్ళు ఎంతమంది ఉంటారు?

ఇప్పుడు లాయరు రాసిన వాక్యానికి వస్తాను. పచ్చడి సీసా పద్ధతి గురించి మా ల్యాబు అచ్చువేసిన వ్యాసంలో "ముద్రణ పొరపాటు వల్ల" ఆమె పేరు తప్పిపోయిందట! ఆ అబద్ధం ఎవరు చెప్పమన్నారని వెంటనే ఫోను చేసి కేకలేశాను. ఆ పిల్ల, "లాయరు కాదండి, నేనే రాయించాను మేడమ్. మీకు మాట రాకూడదనండి" అంది.

పొరపాటు కాదు మరి. ఆ వ్యాసం పంపేటప్పుడు నా పేరు కింద ఆ పిల్ల పేరు రాసి, మళ్ళీ కొట్టేసింది నేనే. ఆ పిల్ల గుమ్మం దగ్గర నిలబడి చూస్తుంటే, బాపట్లలో విన్న మాటనే తనకు అప్పజెప్పాను, నవ్వుతూనే. అమెరికా వాళ్ళ మీద, లాయరు మీద ఇంతసేపూ ఎగిరిందీ నేనే.

ఆ ఉత్తరం పక్కన పడేసి నేనే కొత్తగా రాశాను. పద్ధతి ఆమెది, లెక్క ఆమెది, పేరు కొట్టేసిన చెయ్యి నాది అని రాసి సంతకం పెట్టాను. బీరువాలోంచి పాత స్లైడ్ల పెట్టె తీసి, గాజు అంచున ఆ పిల్ల గీసిన అక్షరాలకు ఫొటోలు తీసి జతచేశాను. వాళ్ళు ఒప్పుకుంటారో లేదో నాకు తెలియదు.

మా రోజుల్లో పేరు అడిగితే పొగరనేవారు, ఇప్పుడు పేరు లేకపోతే మనిషి పనే చేయలేదంటున్నారు. పెట్టె మూసేముందు, బాపట్ల రోజుల్లో నా అక్షరాలు గీసి నేను చేసిన స్లైడు ఒక్కటైనా ఉందేమోనని అడుగుదాకా వెతికాను. ఒక్కటీ లేదు.