వడపప్పులో ఎర్రగడ్డ

"దేవుని ముందర పెట్టినానా, టెంకాయ కొట్టినానా? ఉత్త నానబెట్టిన పెసరపప్పు కదమ్మే అది. తినేదానికి ఆ పిల్లకేం నొప్పి?" అన్నాను నేను.

"నొప్పి కాదక్కా. చూసేదానికి అది వడపప్పు మాదిరే ఉండాది. ఒంటిమిట్ట తిరణాల్లో చేతిలో పెట్టేది అదే కదా. ప్రసాదం ముట్టొద్దని వాళ్ల నాయన చెప్పి పెంచినాడు," అంది రూతమ్మ.

"ప్రసాదం కాదని నువ్వే చెప్పొచ్చు కదా. మీ చర్చి పిల్లే కదా."

"చెప్పినా. నువ్వు తిను అత్తా, నాకొద్దు అనింది."

"అయితే పస్తుండమను."

"పస్తుంటే మళ్లా పడిపోతాది. పడిపోతే ఇంటికి పంపిస్తారు. ఆ మాట నీకు తెల్దా?"

తెలుసు. నా కోపమంతా అందుకే.

కరోనా తర్వాత హాస్టళ్లు తిరిగి తెరిచిన ఏడు అది. రాజంపేట దగ్గర ఆడపిల్లల హాస్టల్లో నేను పెద్ద వంటమనిషిని. రూతమ్మ కామాటి, అంటే కూరగాయలు తరగడం, గిన్నెలు తోమడం, ఊడ్వడం ఆమె పని. హోదాలో నా కింద, నోటికి మాత్రం నా పైన. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని, కాబట్టి ఏ పూటకు ఏ సరుకు కావాలో రాసే ఇండెంటు వార్డెనమ్మ చూసుకునేది. వంటింటి పెత్తనం నాది.

మేం పోట్లాడుకున్నది కరుణ గురించి. తొమ్మిదో తరగతి పిల్ల. ప్రార్థన వరసలో కళ్లు తిరిగి పడింది. డాక్టరు వచ్చి రక్తం తక్కువగా ఉందని ఐరన్ మాత్రలిచ్చి, కడుపునిండా తిన్నాకే వేయాలన్నాడు. పిల్లలందరికీ రోజూ పచ్చి కూరగాయలు, నానబెట్టిన గింజలు, నిమ్మరసం పెట్టమన్నాడు. ఇంకోసారి పడితే ఇంటికి పంపక తప్పదని వార్డెనమ్మ అంది. ఆ పిల్ల నాయన అరటితోటల్లో కూలి. అలా ఇంటికి పోయిన ఆడపిల్లలు కొన్నాళ్లకు తోటలో గెలలు మోస్తూ కనిపించడం నేను చూశాను. తిరిగి బడికి వచ్చిన పిల్లను చూడలేదు.

మొదట వార్డెనమ్మ చెప్పినట్టు కీరదోస, క్యారెట్ చక్రాలుగా కోసి, సలాడ్ అని పెట్టాం. పిల్లలు పక్కకు నెట్టేశారు. మంచి కూరగాయలు కుడితి తొట్లోకి పోతుంటే నాకు ప్రాణం ఉసూరుమనేది. అందుకని మా ఇంటి తీరులో చేశాను. పెసరపప్పు గంటసేపు నానబెట్టి, నీళ్లు చుక్క లేకుండా వంపేయాలి. కీరదోస, క్యారెట్ సన్నగా తరగాలి. ఉడికించిన వేరుశనగ గింజలు, పచ్చికొబ్బరి, కొత్తిమీర చేర్చి, పైన ఆవాలు, కరివేపాకు తాలింపు వేయాలి. ఉప్పు, నిమ్మరసం వడ్డించే ముందే కలపాలి. తొందరపడి కలిపితే ముక్క నీరు వదిలి చప్పబడుతుంది. ఇట్లా చేస్తే పిల్లలు మారు అడిగారు. కరుణ ఒక్కతే ముట్టలేదు. అది తగిలిన అన్నం కూడా వదిలేసి లేచింది.

రూతమ్మ తోముతున్న గిన్నె పక్కన పెట్టి, ఉల్లిపాయల బుట్ట దిక్కు చూపించి, "ఎర్రగడ్డ తరిగి ఎయ్యక్కా," అంది.

"వడపప్పులో ఎర్రగడ్డ యాడన్నా ఏస్తారమ్మే? దేవునికి పెట్టేదాంట్లో?"

"దేవునికి పెట్టేది కాదని ఇంతసేపూ అరిచింది నువ్వే కదా."

నేను పెసరపప్పు డబ్బా మూత బిగించాను.

"ఎర్రగడ్డ పడిందంటే యా దేవుడూ దాని దిక్కు చూడడు. అప్పుడింగ మనమంతా తినొచ్చు," అంది.

"ఎర్రగడ్డల ధర తెలుసునా నీకు?" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"కూరలో రెండు తగ్గించుకో."

ప్రసాదంలో ఉల్లిపాయ వేయరని నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి తెలుసు. ఆ సంగతి ఒక పిల్లకు కడుపు నింపుతుందని తట్టింది మాత్రం రూతమ్మకు. ఆ మేలు నేను మరువను. ఇప్పుడు రిటైరై ఇంట్లో ఉన్నా రోజూ రాత్రి అన్నంతో పాటు అదే చేస్తాను. పెసరపప్పు లేకపోతే ఉడికించిన అలసందలు, మామిడికాయల కాలంలో నిమ్మకాయకు బదులు పుల్లటి మామిడి తురుము. ఏ ఇంట్లో ఏది ఉంటే అది వేసుకోవచ్చు. దుకాణంలో సలాడ్ కోసమని అమ్మే సీసాలు కొనే పని లేదు.

వంటపనిలో నేను నేర్చుకున్నది ఇంతే. పళ్లెంలో మిగిలినదాన్ని చూసి ఉప్పూకారం సరిచేసుకోవడం సగం పని. వదిలేసిన మనిషి ఎందుకు వదిలిందో కనుక్కోవడం తక్కిన సగం.

మర్నాడు పొద్దున, బొరుగులు నానేసి తాలింపు పెట్టిన ఉగ్గాని పక్కన, ఎర్రగడ్డ వేసిన పెసరపప్పు పెట్టాం. కరుణ పళ్లెం ముక్కు దగ్గరికి తెచ్చుకుని వాసన చూసింది. ఒక ముక్క నోట్లో వేసుకుంది.

"శానా ఘాటుగా ఉండాది అవ్వా," అంది.

"ఘాటుంటే నీళ్లు తాగు," అన్నాను.

మొత్తం తినింది. పళ్లెం కడిగి, మాత్ర వేసుకుని, బడికి పోయింది.