దించకముందు చెప్పాల్సింది

తెలంగాణ రాష్ట్రం వచ్చిన మూడో ఎండాకాలం అది. మహబూబ్‌నగర్‌లో ఇళ్ల సామాను తరలించే ఒక చిన్న కంపెనీలో నేను సూపర్‌వైజరుగా ఉన్నాను. నా కింద నలుగురు హమాలీలు, చిన్న లారీలాంటి డీసీఎం బండి ఒకటి, దాని డ్రైవరు. నా చదువు ఏడో తరగతితోనే ఆగింది. అయినా గదిలో ఒకసారి తిరిగి చూస్తే ఆ సామానుకు బండిలో ఎంత జాగా కావాలో ఘనపుటడుగుల్లో చెప్పడం నాకు నేనే నేర్చుకున్నాను. తర్వాత నడుము చెడి, యాభై నాలుగేళ్లకే పని మానుకున్నాను.

ఆ రోజు పని ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తు నుంచి కొల్లాపూర్‌లో ఒక కిరాయి ఇంటికి. ఇల్లు మారుతున్న రాములు బస్సు డ్రైవరుగా రిటైరయ్యాడు. పక్షవాతంతో కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఆ బిల్డింగులో లిఫ్టు నడిచే రోజులు తక్కువ. రోజూ బయట నేల మీద పట్టుకుని నడిపిస్తే కొంత కోలుకుంటాడని డాక్టరు చెప్పాడు. అందుకని ఆయన భార్య బాలమణి, తన అక్క ఉండే కొల్లాపూర్‌లో వాకిలి ఉన్న ఇల్లు చూసింది.

నేను వంటింటి సామాను చూస్తుంటే బాలమణి వచ్చి తలుపు దగ్గరికి వేసింది.

"తమ్మీ, ఈయనకు కాలు నొప్పి అనే గా కొల్లాపూర్ ఇంటామెకు చెప్పినం. మంచంల ఉన్నడని చెప్పలే. ఆమె సూడకముందే లోపటికి తీస్కపోండ్రి, నీకు దండం పెడత."

అంతకుముందు రెండు ఇళ్లవాళ్లు సంగతి తెలిసి తాళంచెవి ఇవ్వలేదట. చెడ్డ నక్షత్రంలో మనిషి పోతే ఆ ఇంటిని నెలల తరబడి మూసిపెట్టాలని మా వైపు నమ్మకం. అందుకే మంచాన పడ్డవాళ్లకు కిరాయి ఇల్లు దొరకడం కష్టం. ఇక్కడ చూస్తే సాయంత్రానికి వేరేవాళ్లు దిగుతున్నారు. కొల్లాపూర్‌లో కాదంటే ఆ రాత్రి ఆయన్ని పడుకోబెట్టే జాగా లేదు. నేను అవుననలేదు, కాదనలేదు. పనిలో పడ్డాను.

బండిలో చివర ఎక్కింది ముందు దిగుతుంది. కొత్త ఇంట్లో మొదట కావలసింది రాములు మంచం కాబట్టి దాన్ని చివర ఎక్కించాలి. అంతవరకు లెక్క కుదిరింది. మనిషిని ఆ మంచం మీదే కిందికి దించుదామని హమాలీలు అన్నారు. మెట్ల మలుపులో మంచం తిరుగుతుందో లేదో చూద్దామని నేను టేపు పట్టుకుని ఆయన పక్కన వంగాను.

"ఏంది తమ్మీ, నన్ను గూడ కొలుస్తున్నవా?" అన్నాడు రాములు. "జర ఆగు, ఇంక టైముంది."

హమాలీలు నవ్వారు. ఆయన నవ్వలేదు.

"పండవెట్టి, కాళ్లు ముందట వెట్టి దించితే కింద వాచ్‌మన్ గూడ దండం వెడ్తడు. గట్లయితే నేను దిగ."

చేతులున్న కట్టె కుర్చీ ఒకటి తెప్పించాను. ఆయన్ని కూర్చోబెట్టి, దుప్పటి మడిచి నడుముకు చుట్టి కట్టాం. ఇలా దించేటప్పుడు మనిషి ముఖం మెట్లు దిగే వైపు ఉండాలి, కుర్చీ వెనక్కి వాలాలి, బరువు పట్టేవాడు పైమెట్టు మీద ఉండాలి. మలుపు వచ్చినప్పుడల్లా రాములు "హోల్డాన్!" అని అరిచాడు. కుర్చీ తిరిగాక "రైట్, రైట్!" అన్నాడు. రెండో అంతస్తులో ఒకామె తలుపు తీసి, "బస్సు ఏడికి రాములన్నా?" అంది.

"కొల్లాపూర్‌కు. ఎక్కు, సీట్లున్నయి."

కారు మాట్లాడి ఉంచినా ఆయన ఎక్కలేదు. మా డీసీఎం క్యాబిన్‌లోనే కూర్చుని, దారి పొడుగునా డ్రైవరును "గేరు మార్చు బిడ్డా, బండి ఏడుస్తాంది" అని సతాయించాడు. మధ్యలో నన్ను, సామాను పగిలితే జిమ్మేదారి ఎవరిదని అడిగాడు. పగిలినా, గీత పడినా తాళ్లు విప్పకముందే ఇంటివాళ్లకు చెబుతామని, దించాక చెబితే తగాదా అవుతుందని చెప్పాను. ఆయన తలూపి మళ్లీ రోడ్డు వైపు చూశాడు.

ఇంటామె పేరు నాగమ్మ. ఇంటి ముందు భాగంలో ఒక్కతే ఉంటుంది, వెనక భాగం వీళ్లకు కిరాయికిచ్చింది. మేం పోయేసరికి గేటులోనే నిలబడి ఉంది. బాలమణి కారు దిగి ఆమెను మాటల్లో పెట్టబోయింది కానీ, ఆమె చూపు క్యాబిన్ మీదే ఉంది.

"గా పెద్దమనిషి దిగడేంది?" అని నన్ను అడిగింది.

నేను నోరు తెరిచేలోపే రాములు అందుకున్నాడు.

"పెద్దమ్మా, తాళ్లు ఇంక ఇప్పలే, అందుకే చెప్తున్న. నాకు కుడి దిక్కు మొత్తం పనిచెయ్యది. మంచంలనే ఉంట. నీకిష్టముంటే దింపుతరు. లేకుంటే బండి మలుపుతం."

బాలమణి గేటు ఊచ పట్టుకుని నిలబడిపోయింది.

"నీ పెండ్లం కాలు నొప్పన్నది. ఇదేనా కాలు నొప్పి?" అంది నాగమ్మ. ఆమె క్యాబిన్ దగ్గరికి వచ్చి ఆయన్ని కాసేపు చూసింది. "మా ఆయన గీ ఇంట్లనే పోయిండు. ఇల్లు ముయ్యమన్నరు. మూస్తే నేనేడ పండాలె? ఈడనే ఉన్న." తర్వాత బాలమణి వైపు తిరిగింది. "ఇంకోపారి అబద్ధమాడితే ఊకోను. మోటరు పొద్దుగాల ఒక్కపారే ఏస్త, నీళ్లు పట్టి పెట్టుకో."

మేం తాళ్లు విప్పాం.

లోపల పాలు పొంగించాక, రాములు కుర్చీని గడప ముందు దించమన్నాడు. కాలు పెట్టే లోపలికి పోతానన్నాడు. నేనూ ఒక హమాలీ చంకల కింద పట్టుకుని లేపాం. కొత్త ఇంట్లో కుడికాలు ముందు పెట్టాలి. ఆ కాలు లేవలేదు. బాలమణి వంగి దాన్ని చేతులతో ఎత్తబోయింది.

"ఏ కాలు నడిస్తే గా కాలే వెట్టనియ్యి" అంది నాగమ్మ.

ఆయన ఎడమకాలు పెట్టాడు.

ఆ తర్వాత పని మానే వరకు, సామాను చూడటానికి ఏ ఇంటికి పోయినా టేపు తీయకముందే అడిగేవాణ్ణి, ఇంట్లో నడవలేనివాళ్లు ఉన్నారా, ఉంటే దిగబోయే ఇంటి యజమానులకు చెప్పారా అని. చెప్పలేదంటే నా ముందే ఫోన్ చేయించేవాణ్ణి. కొందరు యజమానులు ఫోన్‌లోనే వద్దన్నారు, ఆ పనులు పోయాయి. మా కంపెనీ ఓనరు అందుకు నన్ను కోప్పడ్డాడు కూడా. ప్రతి గేటులో నాగమ్మ ఉండదు. ఆ లెక్క వేసుకునే అడిగేవాణ్ణి.