పొద్దు గూకని దేశంల పదకొండో శనివారం

ఆ రోజుల్ల నాకు దేవుని మీద ఎంత నమ్మకముండెనో, భూగోళం సంగతి అంత తక్కువ తెలుసు. ఇరవై నాలుగేండ్ల పోరగాణ్ని. కరీంనగర్ల ఒక గ్రానైట్ సేటు దగ్గర కొలువు. మా రాళ్లు కొనే పరదేశపోళ్లకు ఇంగ్లీషుల ఉత్తరాలు రాసుడే నా పని, అందుకే ఆఫీసుల అందరు నన్ను ఇంగ్లీషు పంతులు అని పిలుస్తుండె. (ఆ ఇంగ్లీషు కాయితం మీద ఎంతుంటదో, నోట్లె ఎంతుంటదో నాకొక్కనికే ఎరుక.) ఇప్పుడు తలుచుకుంటే ఆ పోరణ్ని చూసి నవ్వొస్తది, జర జాలి సుత ఐతది.

మా బాపు సిరిసిల్లల సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపిన మనిషి. నాలుగు సాంచెలు ఒక్కతీరుగ మొత్తుకుంటుంటే, పదడుగుల దూరం నుంచే ఎక్కడ పోగు తెగిందో పట్టే కండ్లు ఆయనవి. గసొంటి కండ్లకు పొరలొచ్చినయి. రేపు మాపు అనుకుంట దాటేసిండు. డాక్టరు దగ్గరికి పోయేసరికి ఒక కన్ను పోనే పోయింది. ఇంకోదానికి ఆపరేషన్ చేస్తం గని చూపు వస్తదో రాదో చెప్పలేమన్నడు డాక్టరు. ఆ మాట ఇన్నదే ఆలస్యం, అవ్వ నన్ను కొండగట్టుకు తీస్కపోయి అంజన్న ముంగట నిలవెట్టి, పదకొండు శనివారాలు ఒక్కపొద్దు ఉంటనని మొక్కిచ్చింది. మా ఇంట్ల ఒక్కపొద్దంటే ఆషామాషీ కాదు. పొద్దంత ఛాయ్ నీళ్లే. పొద్దు గూకినంక తానం చేసి, దీపం ముట్టిచ్చి, అప్పుడు బువ్వ. నడుమ ఒక్కటి తప్పినా మళ్ల మొదటి నుంచే. పది శనివారాలు దాటిన. పదకొండోది అయినంక సోమవారం నాడు బాపు ఆపరేషన్.

సరిగ్గ అప్పుడే సేటు పిలిచి, నార్వే దేశం పోతున్నం, సామాను సదురుకోమన్నడు. మా రాయి కొనే పెద్దమనిషిది ఆ దేశమే. నేను రానన్న. బాపు ఒప్పుకోలే. "నువ్వుండి నా కంటికి పట్టీ గడతవా? అక్క ఉన్నది, బావ ఉన్నడు. పోరా, మళ్ల ఎవ్వడు పిలుస్తడు," అన్నడు. అవ్వ ఒక సీసల మామిడికాయ తొక్కు పెట్టి, మీదికెళ్లి మూడు ప్లాస్టిక్ కవర్లు చుట్టింది. శనివారం మాత్రం మరువకని బస్టాండు దాక చెప్పుకుంట వచ్చింది.

శుక్రవారం నాడు మేం దిగినప్పుడు ఆకాశమంత మబ్బు. హోటల్ల పరదాలు మా సాంచె గుడ్డకన్న మందం. ఇగ పొద్దు సంగతి మాకేం తెలుస్తది, పండుకున్నం. తెల్లారి కొనేటాయిన వచ్చి, బేరం ముచ్చట సోమవారం, అప్పటిదాక మీకు మా దేశం చూపిస్తనన్నడు. మన దిక్కు సుట్టం వస్తే కుర్సీ ఏస్తం. వాళ్లు ఈపుకు మూట గట్టి గుట్ట ఎక్కిస్తరట, అదే మర్యాదట. మమ్ముల నడిపిచ్చేతందుకు ఆరడుగుల ఒక ఆడమనిషిని అప్పజెప్పిండు. దారి చూపుడే ఆమె పని. మాకిద్దరికి ఆమె పేరు నోరు తిరగలే, అందుకే హెడ్మాష్టరమ్మ అని పెట్టుకున్నం. ఆమె మూడు మాటలు చెప్పింది. ఒక్కరే ఎటు పోవద్దు. ఒళ్లు తడుపుకోవద్దు. రెండు గంటలకోపాలి ఏదన్న తినాలె. (మాపటికల్ల నేను మూడూ తప్పిన.)

ఒక దిక్కు సముద్రం, ఇంకో దిక్కు నెత్తిన మంచు కరగని గుట్టలు, నడుమ మేం ముగ్గురం. చెట్లు మోకాలెత్తు. గాలి చెవుల్ల నుంచి దూరి మెదడును పలకరిస్తుంది. సేటు మన కొండగట్టు మెట్లకే మూడుసార్లు కూసునే మనిషి, ఆడ ముప్పైసార్లు కూసున్నడు. హెడ్మాష్టరమ్మ రెండు గంటలకోపాలి చాక్లెట్టు ఇస్తుంది, నేను జేబుల ఏసుకుంటున్న. ఆకలికి కండ్లు తిరుగుతున్నయి, అయినా ఫికర్ లేదనుకున్న. ఏడింటికి పొద్దు గూకుతది, అవ్వ తొక్కు ఉన్నది, ఇంకేం గావాలె.

సముద్రం ఒడ్డున గుడారమేసేసరికి ఆరు దాటింది. మబ్బు ఇచ్చుకొని పొద్దు కనబడ్డది. జర పైనే ఉన్నది గని, తానం చేసొచ్చే వరకు దిగుతది తియ్యనుకొని, తువ్వాల భుజానేసుకొని ఎవ్వరికి చెప్పకుండ వాగుకాడికి పోయిన. అది మంచు కరిగి పారే వాగు. మొదటి చెంబుకు అంజన్నను తలిసిన. రెండో చెంబుకు అంజన్న పేరే యాదికి రాలే. మూడో చెంబు పోసుకున్ననో లేదో ఇప్పటికీ నాకు తెల్వదు. గజగజ వణుక్కుంట అంగీ తొడుక్కొని వస్తుంటే హెడ్మాష్టరమ్మ చూసి ఉరికొచ్చింది. సంచిల నుంచి ఎండి కాయితం లెక్క మెరిసే దుప్పటి తీసి నన్ను మిఠాయి పొట్లం చుట్టినట్టు చుట్టింది. సేటు ఊకోకుండ ఫొటో తీసిండు. ఆమె వేడి సూపు మూతికాడికి తెస్తే నేను తల అడ్డం ఊపి, పొద్దు గూకినంకనే తింట అన్న. ఆమె నా దిక్కు వింతగ చూసింది. మా దగ్గర పొద్దు ఇంకో నెలకు గూకుతదని నిమ్మళంగ చెప్పింది.

నెల రోజులు! ఎనిమిదో తరగతిల రెండు మార్కులకు నేనే రాసిన ముక్క అది, ధ్రువాల దిక్కు ఎండకాలంల పొద్దు గూకదని. రెండుకు రెండు పడ్డయి సుత. కడుపుల కాలేదాక సమజ్ కాలే. ఏడుపు ఒక్కటే తక్కువ. ఈడ తింటే మొక్కు తప్పుతది, మళ్ల పదకొండు వారాలు, మరి బాపు ఆపరేషన్ ఎల్లుండే. తినకుంటే నేను ఈడనే కండ్లు తిరిగి పడుడే.

సేటుకు ఉపాయాల కరువు లేదు. "పండుకునే సంచిల దూరి జిప్పు పెట్టుకో పంతులూ. లోపల చీకటే గదా, తినేసెయ్," అన్నడు. నిజం చెప్తున్న, దూరిన. జిప్పు పెట్టుకున్న. లోపల మంచిగ చీకటే. బిస్కెటు నోటిదాక తెచ్చిన గని, చెయ్యి ఆడనే ఆగింది. నేను ఈ సంచిల ఉత్త చీకటి చేసుకొని దేవునికి మస్కా కొడుతున్న, బాపు ఆడ నిజం చీకట్ల కూసున్నడనిపిచ్చింది. బిస్కెటు జేబుల పెట్టుకొని బయటికొచ్చిన.

హెడ్మాష్టరమ్మకు ఇగ ఓపిక సచ్చింది. నేను తినకుంటే హెలికాప్టర్‌ను పిలుస్తనని, సిగ్నల్ లేని కాడ సుత మోగే పెద్ద ఫోను తీసింది. నేను చేతులు జోడిచ్చి, ముందుగాల ఒక్కపాలి మా అవ్వతోని మాట్లాడనియ్యమన్న. ఏమనుకున్నదో ఏమో, ఇచ్చింది. అప్పుడు మా ఇంటికాడ రాత్రి పది దాటిందట. అవ్వ ఎత్తింది. నేను పొద్దు సంగతంత చెప్పుకొచ్చిన.

"ఆడ గూకకుంటే గూకకపాయె," అన్నది అవ్వ. "కొండగట్టు మీద గూకి మూడు గంటలాయె, అంజన్నకు దీపాలు పెట్టిండ్రు. నువ్వు మొక్కింది ఆయనకా, ఆ దేశపు పొద్దుకా? తిను బిడ్డా."

మూడు గంటలు! నేను తానం చేసేటాలకే, ఆ వాగు ఒడ్డున చెంబు పట్టుకొని నిలవడ్డప్పటికే, మా ఇంట్ల దీపం ముట్టిచ్చి అందరు తిని పండుకున్నరు. ఇగ దీపం ఏడ దొరుకుతది, హెడ్మాష్టరమ్మ గ్యాసు పొయ్యి ముట్టిస్తే దానికే దండం పెట్టి, మంట మీదికెళ్లి చేతులు తిప్పి కండ్లకద్దుకున్న. ఆమె నన్నే చూసుకుంట, తను సుత గట్లనే అద్దుకున్నది. తర్వాత ఆ పొయ్యి మీదనే వండిన అన్నంల తొక్కు కలుపుకొని నేను తిన్న తిండి చూసి సేటు, ఇగ చాలు పంతులూ, రేపటికి ఉంచు అని గిన్నె గుంజుకున్నడు.

సోమవారం ఆపరేషన్ అయింది. మంగళవారం పట్టీ ఇప్పుతరని తెలుసు. నేను కొనేటాయిన ఆఫీసుల కూసున్న గని నా పానమంత జేబుల ఉన్న ఫోను మీదనే. మోగింది. అక్క. పట్టీ ఇప్పిండ్రట. బాపు ఏం మాట్లాడతలేడట. కనబడుతుందా అని డాక్టరు అడిగితే ఊ అంటలేడట, ఊహు అంటలేడట. ఏం చెయ్యాల్నో తెల్వక అక్క తన ఫోన్ల నా ఫొటో చూపెట్టింది. సేటు తీస్తే నేను అక్కకు పంపిందే, ఎండి దుప్పట్ల ఉన్నది. బాపు చానసేపు చూసిండట. అక్క ఆ ముచ్చట చెప్పుకుంట చెప్పుకుంట ఏడ్సింది, బాపు అన్న మాట మాత్రం ఉన్నదున్నట్టు చెప్పింది.

"గుండీలు తప్పు పెట్టుకున్నడు చూడు. రెండోది మూడో కాజాల ఉన్నది."

వణుకుడుల పెట్టుకున్న గుండీలు. అప్పటిదాక నేను చూసుకోలే, సేటు చూడలే, హెడ్మాష్టరమ్మ చూడలే. నేను ఆ ఆఫీసులనే వెక్కి వెక్కి ఏడుస్తుంటే, బేరం చెడిందనుకొని సేటు పరేషాన్ అయిండు.

ఆ ఫొటో ఇంక నా దగ్గరున్నది. మొన్న తీసి చూసిన. పొట్లం గట్టిన పోరడు చలికి పండ్లు గిట్టకరుసుకొని నిలవడ్డడు, దుప్పటి సందుల నుంచి రొమ్ము మీది అంగీ జరంత కనబడుతుంది. గుండీలు మాత్రం నా కండ్లకు ఆనలే. అద్దాలు పెట్టుకున్న, ఫొటో పెద్దగ జేసిన, అయినా మసకగనే ఉన్నది. పక్క అర్రల ఉన్న బాపును పిలుద్దామనుకొని, నవ్వుకొని, ఊకున్న. పిలిస్తే ఇప్పుడు ఏసుకున్న అంగీ గుండీలు సుత చూస్తడు.