నేను రాసిన సేఫు కార్డులు

పలాస హైస్కూల్లో చదువుతున్న మా మనవరాలు మొన్న ఆదివారం నోటుబుక్కు పట్టుకుని నా మంచం మీదకొచ్చి కూచుంది. ఏదైనా ఒక మామూలు ఇంగ్లీషు విశేషణం తీసుకుని, దాని అర్థమేమిటో, అదెక్కడ పుట్టిందో, జనం రోజూ దాన్నెలా వాడతారో రెండు పేజీలు రాసుకు రమ్మన్నారట వాళ్ళ మాస్టారు. బియ్యే చదివిన తండ్రిని వదిలేసి పళ్ళూడిన నా దగ్గరికెందుకొచ్చిందంటే, ఆయనగారు పేపరు చదువుకుంటూ విసుక్కున్నాడు మరి. "సేఫ్ అన్న మాట తీసుకున్నాను మామ్మా, తేలిగ్గా ఉంటుంది కదా," అంది. ఎంత తేలిగ్గా అనేసిందో! ఆ మాట ఎన్ని నీళ్ళు దాటి ఎవరి గుమ్మంలో కూలబడిందో నాకు తెలిసినట్టు ఈ జిల్లాలో ఇంకెవరికీ తెలీదు. నాకు తెలిసిందంతా చెప్పాను. అది మూడు వాక్యాలు రాసుకుని ఆడుకోడానికి పోయింది. మిగతాది నేనిక్కడ రాసుకుంటున్నాను.

మా నాన్న టెక్కలిలో మిషను బంగళా తోటకి నీళ్ళు పోసే మనిషి. ఆ పుణ్యమా అని నేను మిషను బళ్ళో నాలుగో క్లాసు దాకా చదివాను. ఇంట్లో అప్పన్నకి మొక్కేవాళ్ళం, బళ్ళో ఏసు పాటలు పాడేవాళ్ళం, రెండింటికీ మాకెప్పుడూ పేచీ రాలేదు. మాకు ఇంగ్లీషు చెప్పే దొరసాని తెలుగు వచ్చీరాని మనిషి, కానీ చెప్పిందేదైనా బుర్రకెక్కేదాకా వదిలేది కాదు. ఒకరోజు సేఫ్ అన్న మాట చెబుతూ, అది రోమనుల పాత భాషలోంచి వచ్చిందనీ, అక్కడ దానికి విరగనిది, ఎక్కడా ఏమీ తగ్గకుండా మొత్తంగా ఉన్నది అని అర్థమనీ, వాళ్ళ ప్రార్థనల్లో వచ్చే రక్షణ అన్న మాటా ఇదీ ఒక్క తల్లి బిడ్డలేననీ చెప్పింది. మేం నోళ్ళు తెరుచుకుని చూశాం. అప్పుడు వంటమనిషి చేత రెండు కుండలు తెప్పించింది. ఒకదాన్ని వేలితో కొడితే ఖంగుమంది. "ఇది సేఫ్," అంది. రెండోది పైకి బాగానే ఉంది గానీ, కొడితే బొదబొదమంది. ఎక్కడో కంటికి కనబడని బీట. "చూసి చెప్పకూడదు, కొట్టి చెప్పాలి," అంది దొరసాని. తన కుండకి బీటుందన్నందుకు ఆ వంటమనిషి తర్వాత ఎంత సణిగిందో కూడా నాకు గుర్తే.

పదిహేనో ఏట నన్ను ఉద్దానంలో, బారువకి రెండు కోసుల దూరంలో ఉన్న ఊరికి కోడలిగా ఇచ్చారు. చిన్న ఇల్లు. మావ, అంటే మా మామగారు. ఆయన పెద్దకొడుకు, నాకు పెద్దబావ. పెద్దబావ భార్య, అంటే నా తోడికోడలు. ఆ తర్వాత మా ఆయనా నేనూ. అత్త నేను రాకముందే పోయింది. తోడికోడల్ని నేను అప్పా అని పిలిచేదాన్ని, మా వైపు అక్కని అలాగే అంటాం. నేను కూర మాడిస్తే తనే మాడ్చానని చెప్పేది. నా తల దువ్వుతూ "ఇంగిలీసు కోడలికి పేలు కూడా ఇంగిలీసు పేలేనే" అని ఏడిపించేది. సొంత అక్క లేని లోటు నాకావిడ దగ్గరే తీరింది.

నేను కాపురానికొచ్చిన ఏడే పెద్ద గాలివాన వచ్చి కొబ్బరి తోటలన్నిటినీ నేలమీద పడుకోబెట్టేసింది. మళ్ళీ మొక్క నాటితే కాపుకి ఆరేడేళ్ళు పడుతుంది. అంతదాకా తినేదేటి? మగాళ్ళు ఒకరి వెనక ఒకరు రంగం బయల్దేరారు. రంగూన్ని మేం రంగం అనేవాళ్ళం. అక్కడ బియ్యం మిల్లుల్లో పనుండేది. బారువలో పొగోడ ఒడ్డుకి రాదు, దూరంగా నిలబడుతుంది. పడవల్లో కెరటాలు దాటించి, తాళ్ళ నిచ్చెన మీద మనుషుల్ని పైకెక్కించేవాళ్ళు. ఒడ్డున నిలబడ్డ ఆడవాళ్ళకి చివరిదాకా కనబడేది పొగ ఒక్కటే. ఆ తర్వాత చేరాడో లేదో తెలిసేదెలా? ఒక్కడికీ అక్షరమ్ముక్క రాదు. దానికి మావే ఉపాయం చెప్పాడు. "మన కోడలికి ఇంగిలీసు వొచ్చు గదా. ఎల్లకముందే కార్డు మీద ఇంటిపేరూ ఊరూ రాయించీసి, ఎనకాతల సేమం అని ఒక్క ముక్క రాయించీసుకుంటే, అక్కడ దిగ్గానే పోస్టు డబ్బాలో పడీడమే!"

తెలుగులో రాస్తానంటే ఎవరూ ఒప్పుకోలేదు. ఇంగ్లీషు ముక్కయితే పోస్టాఫీసువాళ్ళు భయపడి జాగ్రత్తగా చేరేస్తారని వాళ్ళ నమ్మకం. సరేనని సేఫ్ అని రాశాను. ఆ వారం మా అరుగు మీద కూచుని పద్నాలుగు కార్డులు రాశాను, కలెక్టరు దొరలా తల ఎగరేస్తూ. చదువురాని ఆడవాళ్ళు కూడా ఆ మాటని పట్టేశారు. మొదటి అక్షరం ఎస్ వాళ్ళకి పాము, ఆఖరి అక్షరం ఈ దువ్వెన. కార్డు వచ్చిన ఇంటి ముందు "సేఫొచ్చింది! సేఫొచ్చింది!" అని ఒకటే గోల. ఏడాది తిరక్కుండానే ఆ మాట మా ఊళ్ళో కాపురం పెట్టేసింది. మేక ఈనితే తల్లీ పిల్లా సేఫేనా అనేవారు. పిల్లాడికి జొరం తగ్గితే సేఫు. ఆవకాయ బూజు పట్టకపోతే అదీ సేఫే. ఇంత నవ్వులాటలో, నిజం కాకముందే ఒక మాట రాసిచ్చేస్తున్నానన్న సంగతి నాకు తోచనేలేదు.

పెద్దబావ వెళ్ళేటప్పటికి అప్పకి నాలుగో నెల. ఆయన మాటకారి కాదు. నేను కార్డు రాస్తుంటే పక్కనే కూచుని చుట్ట కాల్చుకున్నాడు, కార్డుని రేకు పెట్టెలో బట్టల అడుగున పెట్టుకున్నాడు, వెళ్ళిపోయాడు. ఇరవై ఆరో రోజున కార్డు వచ్చింది. అప్ప దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, దేవుడి గూట్లో పెట్టి, వీధంతా బెల్లం పంచింది. గూట్లో పెట్టకముందు నేను దాన్ని చేతిలోకి తీసుకున్నాను. మందు వాసన వేసింది. టెక్కలిలో ఆసుపత్రి గచ్చు కడిగాక వేసే వాసన అది, నేను మరిచిపోయేది కాదు. అంచులు తడిసి ఆరినట్టు ముడుచుకుపోయి ఉన్నాయి. మిగతా పదమూడింట్లో ఒక్కటీ అలా రాలేదు. "ఏటే, వాసన సూత్తన్నావు? అదేటి ఎండుసేపా?" అని అప్ప నవ్వింది. నేనూ నవ్వేశాను.

ఆ తర్వాత ఇంకేమీ రాలేదు. పక్కిళ్ళకి తిరిగొచ్చేవాళ్ళ చేత రుమాళ్ళూ కబుర్లూ వచ్చేవి. మా ఇంటికి ఏమీ రాలేదు. అప్పకి కొడుకు పుట్టాడు, ఆ కబురు పంపించాం, జవాబు లేదు. "రంగం పనంటే తీరికెక్కడుంటాదీ" అనేవాడు మావ. ఎవరేం అడిగినా అప్ప ఒకటే చెప్పేది: "సేఫని వొచ్చింది గదమ్మా." ఆ కార్డుకి రంగం సంగతేం తెలుసు? అది చెప్పేదల్లా మా అరుగు సంగతి, ఆ రోజు మనిషి చుట్ట కాల్చుకుంటూ బాగానే ఉన్నాడని. కొట్టి చూడకుండానే నేను పద్నాలుగు మందికి ఖంగుమందని రాసిచ్చేశాను. పైకి అంటే, అప్ప చేతి గాజులు నేనే పగలగొట్టినట్టు. అనకపోతే, రోజురోజుకీ ఆవిడ ఆ మాటనే పట్టుకుని వేలాడుతోంది. రంగం మిల్లులకి కూలీల్ని తీసుకెళ్ళే మేస్త్రీ మళ్ళీ మనుషుల కోసం వచ్చినప్పుడు పెద్దబావ ఎలా ఉన్నాడని మావ అడిగితే, ఆ మనిషి మా మొహాలు చూడకుండా కొబ్బరి మొక్కల్ని చూస్తూ "రంగమంటే మన ఊరేటి బాబూ, ఎక్కడో మిల్లులో ఉంటాడు" అన్నాడు.

అంతటితో ఆగలేదు. "పెద్దోడు అక్కడ సేఫుగున్నాడు. సిన్నోడు కూడా ఎల్తే అన్నదమ్ములిద్దరూ ఒక్క దగ్గరుంటారు," అని మావ మా ఆయన్ని కూడా మేస్త్రీకి ఒప్పజెప్పేశాడు. నేను రాసిన మాటే నా మొగుణ్ణి పడవెక్కిస్తోంది! మర్నాడు జీడి తోటలో ఆకులేరుతూ మా ఆయనతో అంతా చెప్పేశాను, వాసనతో సహా. ఆయన ఆకుల గంప కిందకి దించాడు.

"నాకూ అలాగే అనిపిత్తంది," అన్నాడు. "అందుకే ఎల్తన్నాను. అన్న ఏటైపోనాడో సూడాల గదా. నాకూ ఓ కార్డు రాసియ్యి."

"రాయను బావా. నీకు ఆ మాట నేను రాయను. దిగాక నువ్వే రాయాల."

ఓడకి తొమ్మిది రోజులుంది. తొమ్మిది రోజులూ ఇసక మీద నాలుగక్షరాలు దిద్దించాను. కొబ్బరిచెట్టు అరక్షణంలో ఎక్కే మనిషి, పుల్ల పట్టుకుంటే చెమటలు కక్కేవాడు. పాము ఎప్పుడూ అటువైపు తిరిగిపోయేది, దువ్వెనకి ఒక పన్ను ఎక్కువొచ్చేది. "నాకెందుకే ఈ బాధ, సముద్రంలో దూకీమను దూకీత్తాను," అనేవాడు. వెళ్ళే రోజున, చిరునామా మాత్రమే రాసిన రెండు కార్డులూ ఒక పెన్సిలు ముక్కా పెట్టెలో పెట్టాను. ఒకటి తనకి. రెండోది పెద్దబావకి, ఆయన కనబడితే అక్షరాలు చూపించి ఆయన చేత్తోనే రాయించమన్నాను. "కనబడకపోతే?" అన్నాడు. సంగతి తెలిసేదాకా వెతకమన్నాను, జరగరానిది జరిగిందని తెలిస్తే ఏమీ రాయకుండా ఖాళీగా డబ్బాలో పడెయ్యమన్నాను. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. పడవ మొదటి కెరటం మీద లేచి కిందకి పడ్డప్పుడు మా ఆయన తల కనబడకుండా పోయింది.

అప్ప కొడుక్కి ఆరో నెల వచ్చింది. శుక్రవారం అన్నం ముట్టించడానికి ముహూర్తం పెట్టారు. సోమవారం పొద్దున్న మావ చుట్టాల్ని పిలవడానికి మందస వెళ్ళాడు. అప్ప వాకిట్లో కాళ్ళు చాపుకుని పిల్లాడికి నూనె రాస్తోంది. అప్పుడొచ్చాడు పోస్టుమేను. రెండు కార్డులు. మొదటిదాని మీద పాము తిరగబడి ఉంది, దువ్వెనకి నాలుగు పళ్ళున్నాయి. ఆ వంకర గీతలు చూసి భోరున ఏడ్చేశాను. బతికున్న మనిషి రాసిన రాత అది. రెండోది తిప్పి చూశాను. మళ్ళీ తిప్పాను. నా చేతి చిరునామా తప్ప ఏమీ లేదు.

అసలు జరిగింది రెండేళ్ళకి మా ఆయన తిరిగొచ్చి చెబితేగానీ తెలియలేదు. ఓడలోనే వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయట పెద్దబావకి. రంగం రేవు దగ్గర జబ్బుమనుషుల్ని ఉంచే షెడ్డులో మూడో రోజున పోయాడట. పెట్టె ఖాళీ చేసి మందునీళ్ళతో కడిగినవాళ్ళెవరో, చిరునామా ఉన్న కార్డు కదా, పాపం ఇంట్లోవాళ్ళు ఎదురుచూస్తుంటారని డబ్బాలో వేశారట.

ఆ పొద్దున్న వాకిట్లో మాత్రం, "రెండోది ఎవుల్దే?" అంది అప్ప. ఆవిడ చేతులు తుడుచుకుని నా చేతిలోంచి కార్డు తీసుకుంది. ఇటు చూసింది, అటు చూసింది.

"ఇది మా ఆయనకని పంపిన కార్డు గదా. నువ్వు పెట్టెలో సద్దుతుంటే సూసినాను. సూసే అనుకున్నాను, ఈ పిల్లకి అనుమానం తగిలిందని."

"అప్పా, మొదటి కార్డు..."

"మొదటి కార్డు నువ్వు రాత్తంటే నానూ అరుగు మీదే ఉన్నాను గదే. మా ఆయన రాసింది కాదని నాకు తెల్దేటి?"

"మరెందుకప్పా నమ్మినావు?"

"నమ్మకపోతే ఈడ్ని ఎలా కనీదాన్నే?"

ఆవిడ ఏడవలేదు. పిల్లాణ్ణి నా ఒళ్ళో పడుకోబెట్టి, లోపలికెళ్ళి పెన్సిలు తెచ్చింది. "రాయవే," అంది. నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను. "ఓలమ్మా, నీ కాళ్ళట్టుకుంటాను. ఇది మావ సూసినాడంటే నన్ను మూల కూకోబెట్టీసి, ఈడికి తొలిముద్ద ఇంకెవులి సేతో పెట్టిత్తారు. ఈ ఐదు రోజులూ నాకియ్యి. నా కొడుకుని నా ఒళ్ళో కూకోబెట్టుకుని, బొట్టెట్టుకుని, నా సేత్తో ముద్ద పెట్టుకుంటాను. ఆరోనాడు నానే సెప్తాను. రాయి. వొంకరగా రాయి, ఆయన రాసినట్టుండాల."

రాశాను. పాముని అటువైపు తిప్పి, దువ్వెనకి ఒక పన్ను ఎక్కువ పెట్టి రాశాను. సాయంత్రం మావ వచ్చి రెండు కార్డులూ కళ్ళకద్దుకున్నాడు. శుక్రవారం అప్ప పట్టు రవిక వేసుకుని, చేతినిండా గాజులు వేసుకుని, కొడుకు నోట్లో పరమాన్నం పెట్టింది. వాడు ఉమ్మేస్తే అందరితో పాటు నవ్వింది. నాకే ఏడుపాగక పొయ్యి దగ్గర కూచుని పొగ అని చెప్పాను. శనివారం తెల్లారగానే సముద్రానికెళ్ళి, బోసి చేతులతో తిరిగొచ్చి మావ ఎదుట నిలబడింది. పద్నాలుగు కార్డులు తెలియక రాశాను, ఆ ఒక్కటీ తెలిసే రాశాను, దానికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు. నాకిప్పుడు ఎనభై దాటాయి, ఇన్నేళ్ళలో నా చేత్తో ఒక మనిషికి నేనిచ్చిన కాలమంటూ ఉంటే అది ఆ ఐదు రోజులే.