నేను చదవకుండా వదిలేసిన భాగం

అమ్మ పాడిన వీడియోను తీసేశామని మెయిలు వచ్చినప్పుడు నేను షాపులో ఎవరిదో ఆధార్ కార్డు జిరాక్స్ తీస్తున్నాను. బోగోలు దగ్గర మా ఊళ్లో ఉన్న ఒకే ఒక్క జిరాక్స్, నెట్ సెంటర్ నాది. ఊళ్లో ఎవరికి ఏ అర్జీ కావాలన్నా నేనే టైపు చేస్తాను, ఏ ఫారమైనా నేనే నింపుతాను. అలాంటిదాన్ని ఆ మెయిలు మూడుసార్లు చదివినా నమ్మలేకపోయాను. కాపీరైటు ఉల్లంఘనట. ఆ పాట హక్కులు ఒక మ్యూజిక్ కంపెనీవట. మా అమ్మ కట్టిన పాట మా అమ్మ పాడితే దొంగతనమట. ఒళ్లు మండి మెషీన్ మూత దబాలున వేశాను. ఎదురుగా నిలబడ్డ పెద్దాయన తన కార్డుకేదో అయిందనుకుని హడలిపోయాడు.

మా చర్చిలో ఎవరైనా పోతే మూడో రోజు ఆ ఇంట్లో ఆదరణ కూడిక పెడతారు. అక్కడ పాడే పాట అది. అమ్మ నాట్లకు పోయే రోజుల్లో కట్టింది. పొద్దువాలాక పొలం నుంచి ఇంటికొచ్చిన కూలిమనిషికి గడపలో ఎవరో నీళ్ల చెంబుతో ఎదురొచ్చి కాళ్లు కడుగుతారు. పాటంతా అంతే. చివరి చరణంలో ఆ కూలిమనిషిని పేరు పెట్టి లోపలికి పిలుస్తారు. అక్కడ పోయినవాళ్ల పేరు పెట్టి పాడటం మా ఊరి పద్ధతి. ఆ పేరు వినిపించాక ఇంటివాళ్లు ఒక్కసారి గట్టిగా ఏడ్చి, ఆ తర్వాత అన్నం ముట్టుకుంటారు. పాట ఎవరిదని ఎవరూ అడగరు. కావాల్సినవాళ్లు నోటుబుక్కులో రాసుకుపోతారు. పక్క ఊరివాళ్లు వస్తే అమ్మ వాళ్లను కూర్చోబెట్టి, వరస పట్టుబడేదాకా నేర్పించి పంపేది.

కాబట్టి నెల్లూరు నుంచి క్యాసెట్ల ఆయన వచ్చినప్పుడు కూడా అలాగే ఇచ్చేసింది. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. ఆయన మా ఇంటి వసారాలో కూర్చుని పాట రాసుకున్నాడు, వరస టేపు చేసుకున్నాడు, చివర్లో ఒక కాగితం తీశాడు. పైన రెండు వరుసలు తెలుగు, కింద అంతా ఇంగ్లీషు. బైబిలు చదివీ చదివీ అమ్మకు తెలుగు బాగా వచ్చు గాని ఇంగ్లీషు రాదు. కాగితం నా చేతికిచ్చి, "చదివి చెప్పు మే, ఏముండాదో," అంది.

ఇంగ్లీషులో క్లాసులో ఫస్టు నేనే. ఆ సంగతి ఊరందరికీ తెలియాలని నాకు మహా ఉబలాటం. వసారా నిండా జనం. మొదటి పేరా గడగడా చదివాను. రెండో పేరాలో మాటలు నాకు తెలియవు. తెలియవంటే పరువు పోతుంది. అందుకని కాగితం కిందిదాకా చూపు పోనిచ్చి, "వాళ్లు పాడుకునేదానికి నువ్వు ఒప్పుకుంటుండావని రాసినారమ్మా," అన్నాను. అమ్మ సంతకం పెట్టింది. కొన్నాళ్లకు ఆయన పాట క్యాసెట్లు రెండు పంపాడు. పాడింది వేరే ఎవరో. చివరి చరణంలో పేరు లేదు, ఆ చోట కోరస్ ఆలాపన పెట్టారు. అది విని అమ్మ నవ్వి, "పాపం, వాళ్లకు ఎవరు పోయినారో తెలవదు గదా," అంది.

ఏళ్లు గడిచాక నేను చర్చి పేరుతో ఒక ఛానెల్ పెట్టాను. కూడికల్లో పాడిన పాటలు అందులో వేసేదాన్ని. గల్ఫులో ఉన్నవాళ్లు, రాలేకపోయినవాళ్లు వాటిని చూసుకుని ఏడ్చేవాళ్లు. మా పిన్ని పోయినప్పుడు అమ్మ పాడింది కూడా నా ఫోనులోనే తీసి పెట్టాను. ఆ మరుసటేడు అమ్మకు గొంతులో క్యాన్సరని తేలింది. ఆపరేషన్ చేసి మనిషిని మిగిల్చారు, గొంతు మిగల్లేదు. ఏం చెప్పాలన్నా పలక మీద రాస్తుంది. ఇక నా ఫోను తుఫానులో ఇంట్లోకొచ్చిన నీళ్లలో నాని చచ్చిపోయింది. ఛానెల్లో మిగతావి వేరేవాళ్లు పాడినవి, అమ్మ గొంతు ఉన్నది ఆ ఒక్క వీడియోలోనే. పొద్దున టీ తాగుతూ రోజూ అది పెట్టుకుని వింటుంది. తన పాటకు తానే తల ఊపుతుంది.

వీడియో పోయిన రోజు ఫోను నా ముందుకు తోసి, పలక మీద "పాట రాలా" అని రాసింది. నెట్ సరిగా లేదని చెప్పాను. మర్నాడూ అదే చెప్పాను. నెట్ సెంటర్ నడిపే మనిషి ఇంట్లో నెల రోజులు నెట్ లేదంటే ఎవరు నమ్ముతారు? అయినా చెబుతూనే వచ్చాను.

అభ్యంతరం పెట్టుకోవచ్చని మెయిల్లో ఉంది. ఆ ఫారం తెరిస్తే, ఈ పాట హక్కు నాదేనని ప్రమాణం చేయాలి, తేడా వస్తే ఎక్కడో పెద్ద ఊళ్లో కోర్టుకు వస్తానని ఒప్పుకోవాలి. దానికీ సిద్ధపడి, ముందు ఈ పాట మీదెలా అయిందని కంపెనీకి రాశాను. వాళ్లు జవాబుగా ఆ పాత కాగితం స్కాన్ పంపారు. నా షాపులో నా ప్రింటరు మీదే అది బయటికొచ్చింది. అడుగున గుండ్రటి అక్షరాలతో అమ్మ సంతకం. మాటలూ వరసా సర్వ హక్కులూ శాశ్వతంగా ఇచ్చేస్తున్నానని రెండో పేరాలో ఉంది. అది చదవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

కంపెనీ నుంచి ఒకబ్బాయి ఫోను చేశాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు. "మేడమ్, ఈ పాట మాదేనని ఒప్పుకుంటూ మీరూ మదరూ ఒక లెటర్ మీద సైన్ చేసి పంపండి. కంప్లయింట్ వెనక్కి తీసుకుంటాం. వీడియో వచ్చేస్తుంది," అన్నాడు. పాట వదులుకుంటే గొంతు వస్తుంది. పాట మాదే అంటే గొంతు రాదు. వాళ్లు మెయిల్లో పంపిన ఆ ఉత్తరం ప్రింటు తీసి, పాత కాగితంతో పాటు బ్యాగులో పెట్టుకుని తిరిగాను. అది బయటికి తీయలేను, చించలేను.

ఈలోగా ఇంకో కూడిక వీడియో మీద రెండో ఫిర్యాదు వచ్చింది. మూడోది వస్తే ఛానెలే మూసేస్తారట. మిగిలినవన్నీ డిస్కులోకి కాపీ చేసుకుని, ఆ పాట ఉన్న వీడియోలను ఒక్కొక్కటే ఎవరికీ కనబడకుండా దాచేశాను. "అక్కా, మా నాయన పాట కనపళ్లేదే," అని ఫోన్లు. ఏం చెప్పను? నా ఊరివాళ్ల దుఃఖానికి నేనే తాళం వేస్తున్నాను.

అప్పుడే కావలిలో మీటింగని తెలిసింది. సర్కారువాళ్లు కాపీరైటు చట్టాన్ని ఇంకా బిగిస్తారని, ఫిర్యాదు అందితే చాలు విచారణ లేకుండా తీసేయొచ్చని, అసలు పైకి ఎక్కించకముందే మెషీన్లే ఆపేస్తాయని, దాన్ని వ్యతిరేకిస్తూ అర్జీ మీద సంతకాలు చేయిస్తున్నారు. పోయాను. చూపు లేని టీచరమ్మ ఒకావిడ, తనలాంటి పిల్లల కోసం పాఠాలు చదివించి, రికార్డు చేసి నెట్లో పెడితే తీసేశారని చెప్పింది. నేనూ లేచి అమ్మ సంగతి చెప్పాను. కాగితం ఊసెత్తలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు సిగ్గేసింది.

తర్వాత కీబోర్డు వాయించే ఆయన లేచాడు. "నేను కట్టిన ట్యూను ఎవడెవడో వాడుకుంటుండాడు. చట్టం గట్టిగా లేకపోతే మాకు దిక్కెవరు? ఈ అక్క వాళ్లమ్మ పాట పోయింది గూడా అట్నే గదా," అన్నాడు. కొందరు కేకలేసి కూర్చోబెట్టారు. ఆయన అన్నదాంట్లో తప్పేముందో ఇంటికొచ్చే బస్సులో కావలి నుంచి మా ఊరిదాకా వెతికాను, దొరకలేదు. అయినా మా ఊరివాళ్ల సంతకాల కోసం తెచ్చుకున్న అర్జీ కట్ట ఒళ్లోనే ఉంది. గట్టి చట్టం అమ్మను ఆనాడు కాపాడలేదు, ఇప్పుడు మాత్రం నోరు నొక్కుతోంది. నాకు తెలిసింది అంతవరకే.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వసారాలో బల్ల వేసి అర్జీ పెట్టాను. జనం వరుస కట్టారు. ఒక్కరు కూడా చదవలేదు. "యాడ పెట్టాల సంతకం?" అని అడగడం, పెట్టడం, పోవడం. నాకు చిర్రెత్తింది. "చదివి పెట్టండయ్యా," అని కసిరాను. "నువ్వు రాసినాక మళ్లీ చదివేదేంది," అన్నాడు పాలు పోసే అన్న, నవ్వుతూ.

అమ్మ వంతు వచ్చింది. పెన్ను తీసుకోలేదు. కాగితం నా వైపు తిప్పి, మొదటి అక్షరం కింద వేలు పెట్టి నా ముఖంలోకి చూసింది. చదివాను. ఒక పేరా అయ్యాక ఆగితే, వేలు రెండో పేరా కిందికి జరిపింది. చివరిదాకా చదివించుకుని అప్పుడు సంతకం పెట్టింది.

ఇక దాచలేక బ్యాగులోంచి పాత కాగితం తీశాను. "అమ్మా, ఆ రోజు ఇదంతా నేను చదవలా. తెలీక వదిలేసినా," అన్నాను. అందరి ముందూ రెండో పేరా ఇంగ్లీషులో చదివి తెలుగులో చెప్పాను. వీడియో ఎందుకు రావడం లేదో చెప్పాను. కంపెనీ ఉత్తరం కూడా చదివాను, సంతకం పెడితే గొంతు తిరిగొస్తుందని చెప్పాను.

అమ్మ చాలాసేపు ఆ ఉత్తరం వైపే చూసింది. చేయి గొంతు మీదికి పోయింది, మళ్లీ కిందికి వచ్చింది. పలక తీసుకుని, సంతకం వద్దని, "పెట్టబాక" అని రాసింది. అది తుడిచి, "నువ్వు పాడు" అని రాసింది.

నాకు పాట రాదు. చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగినా, ఎప్పుడూ గుంపులో పెదాలు కదిపిన రకాన్ని. అయినా లేచి నిలబడ్డాను. పాలు పోసే అన్న ఫోను పైకెత్తాడు.

"దించన్నా," అన్నాను.

"యాడా పెట్టన్లే అక్కా, మా ఇంట్లో ఇనేదానికి."

"వద్దు, దించు."

ఆ మాట కంపెనీవాళ్లు అనలేదు, చట్టం అనలేదు. నేనే అన్నాను. ఆయన ముఖం చిన్నబుచ్చుకుని ఫోను జేబులో పెట్టుకున్నాడు.

పాడాను. వరస తప్పింది, అమ్మ వేళ్లతో బల్ల మీద తాళం వేసి సరిదిద్దింది. చివరి చరణంలో పేరు చెప్పాల్సిన చోట ఆగిపోయాను. ఆ రోజు ఊళ్లో ఎవరూ పోలేదు. అమ్మ ఒకసారి గొంతు మీద చేయి వేసుకుని, పలక మీద ఏదో రాసి నా వైపు తిప్పింది. తన పేరు.

ఆ పేరు పెట్టి పాట పూర్తి చేశాను. తర్వాత ఇంటికి పోయి ఇద్దరం అన్నం తిన్నాం.